మే నెలలో స్వెటర్

సంక్షేమ అధికారి అంటే కార్మికుల సంక్షేమం చూసేవాడని మీకు ఇంటర్వ్యూలో చెప్పి ఉంటారు. అబద్ధం కాదు. కానీ బొగ్గుబాయి మీద ఆ కుర్చీలో కూర్చున్నవాడు పొద్దంతా చేసే పని వేరు. ఎదురుగా నిలబడ్డ మనిషి చెప్పేదాంట్లో నిజమెంతో అంచనా కట్టాలి. నేను ఉద్యోగమంతా అదే చేశాను. రిటైరయ్యాక కూడా ఆ అలవాటు పోలేదు. కూరగాయలమ్మే ఆమె "లేత బెండకాయలు సార్" అంటే ఒకటి విరిచి చూస్తాను. లేతగానే ఉంటుంది. అయినా రెండోది కూడా విరుస్తాను.

కొత్తగా ఆ కుర్చీలోకి వస్తున్న మీకు ఒక కేసు చెప్పాలి. దానికి ముందు మా దగ్గరి అనుమానం ఎక్కణ్ణుంచి పుడుతుందో చెప్పాలి. బాయిలో పనిచేసేవాడు జబ్బు వల్ల ఇక పనికిరాడని డాక్టర్ల బోర్డు తేలిస్తే, ఆ ఉద్యోగం ఆయన పిల్లల్లో ఒకరికి వస్తుంది. దీన్ని 'అన్‌ఫిట్' అంటారు. మిగతా ఊళ్లలో ఆ మాట వింటే మనిషి కుంగిపోతాడు. గోదావరిఖనిలో మిఠాయిలు పంచుతాడు. అందుకని మా దగ్గర ఎవరికైనా జబ్బు చేసిందంటే, పరామర్శకు వచ్చినవాళ్లు ముందు రోగి ముఖం చూడరు. ఆయన పిల్లల చదువు ఎంతవరకొచ్చిందో అడుగుతారు.

నా దగ్గరికి రకరకాల జబ్బులు వచ్చేవి. ఒకాయనకు రెండు కళ్లూ పోయాయి. భార్య చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చింది. తిరిగి వెళ్తూ నా గోడ మీది గడియారం వైపు చూసి "జల్ది నడువు, బస్సు పోతది" అన్నాడు. ఇంకొకాయనకు పూర్తిగా చెవుడు. నేను గొంతు చించుకున్నా ఉలకలేదు. పక్క గదిలో క్లర్కు ఎవరితోనో మెల్లగా "బోనస్ పడ్డదట" అనగానే మెడ తిప్పాడు. ఇలాంటి బడిలో చదువుకున్నవాణ్ణి నేను. కాబట్టి మే నెలలో స్వెటర్ వేసుకున్న మనిషి నా ముందుకొచ్చినప్పుడు, ఆయన నోరు తెరవకముందే నేను నమ్మడం మానేశాను.

ఆయన హాలేజీ ఇంజన్ ఆపరేటర్. బాయి లోపల, బొగ్గు నింపిన టబ్బులను పట్టాల మీద తాడుతో పైకి లాగే ఇంజన్ అది. కింది నుంచి గంట కొడితే ఆపాలి, మళ్లీ కొడితే లాగాలి. వినడానికి సులువుగానే ఉంటుంది. కానీ ఆ గంటకూ ఆయన చేతికీ మధ్య ఉన్న ఖాళీలోనే టబ్బుల పక్కన నడిచేవాళ్ల కాళ్లూ చేతులూ ఉంటాయి. కమాన్‌పూర్ దగ్గరి పల్లె నుంచి వచ్చి చాలా ఏళ్లుగా అదే పనిలో ఉన్నాడు. చెయ్యి చురుకు, నోరు అంతకన్నా చురుకు. ఆయన్ను ఒక మాట అని రెండు మాటలు పడకుండా వెళ్లినవాడు మా బాయిలో లేడు.

అలాంటి మనిషి ఏడాదిలో మారిపోయాడు. ముఖం ఉబ్బింది. గొంతు బొంగురుపోయింది. మాట్లాడితే ఒక్కో మాటా లోపలి నుంచి టబ్బులో ఎక్కి వచ్చినట్టు వచ్చేది. పైగా స్వెటర్. చలికాలంలో వేసుకున్నది చలికాలంతో పాటే పోవాలి కదా, పోలేదు. రామగుండం ఎండ గురించి తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను, మే నెలలో మా దగ్గర కుక్కలు కూడా నీడ నుంచి నీడకు పరుగెత్తి దాటుతాయి. ఆ ఎండలో ఈయన గోధుమ రంగు ఉన్ని స్వెటర్‌కు మెడదాకా గుండీలు పెట్టుకుని డ్యూటీకి వచ్చేవాడు.

ఆయన గ్యాంగుకు పెద్ద ఒక సర్దార్. భారీ మనిషి, భారీ గొంతు. ఒక పొద్దున క్యాంటీన్‌లో నన్ను పక్కకు పిలిచాడు.

"సార్, గా స్వెటర్ లోపట ఏమున్నదో మీరే సూడుండ్రి. మేం సెప్పుడు మంచిగుండది."

"ఏముంటుందంటావు?"

"పాల ప్యాకెట్ అయితే గాదు."

గేటు దగ్గర ఊదించి చూసే మిషన్ ఉంది కదా అన్నాను. ఆయన రోజూ ఊదుతున్నాడు, రోజూ సున్నా వస్తోంది.

"మిషన్ అన్‌ఫిట్ అయినట్టున్నది సార్," అన్నాడు సర్దార్. గొంతు తగ్గించాడు. "తాగుడు గాకుంటె ఇంకోటి. బిడ్డ డిగ్రీ అయిపాయె. గిప్పటి సందే ముసలోని లెక్క మాట్లాడుడు నేర్సుకుంటుండు. మొన్న నాకు ఒక్క ముచ్చట సెప్పెటాల్లకు నేనే రెండుసార్లు కునుకు తీసిన."

బల్ల చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. జోకు బాగుంది, సిద్ధాంతం అంతకన్నా బాగుంది.

తర్వాత కొన్నాళ్లకే అది జరిగింది. కింద ఆపమని గంట కొట్టారు. ఇంజన్ ఆగింది, కానీ ఆగాల్సినప్పుడు కాదు. ఒక టబ్బు పట్టాలు తప్పి గోడకు గుద్దుకుంది. పక్కనే నడుస్తున్నది సర్దారే. గోడలో మనిషి ఒదగడానికి తవ్విన గూటిలోకి దూకాడు కాబట్టి బతికాడు. ఆయన శరీరం ఆ గూటిలో పట్టడం ఇప్పటికీ మా బాయిలో ఒక వింతగానే చెప్పుకుంటారు.

డ్యూటీలో నిద్రపోయాడని ఆపరేటర్ మీద చార్జిషీటు ఇచ్చారు. ఎంక్వైరీ ముగిసేదాకా బాయి పైన, దిగేవాళ్లకు దీపాలిచ్చే ల్యాంపు రూములో పెట్టారు. నేరం రుజువైతే ఉద్యోగం పోతుంది. అలా పోయిన ఉద్యోగం పిల్లలకు రాదు. ఆయనా ఇంటికే, డిగ్రీ చదివిన బిడ్డా ఇంటికే.

ఆ రోజుల్లోనే ఇంకో కొత్త అనుమానం మొదలైంది. మొదటి షిఫ్టు దిగేముందు గ్యాంగంతా క్యాంటీన్‌లో ఒకే బల్ల దగ్గర టీ తాగడం మా దగ్గర ఆనవాయితీ. మనిషికో స్టీలు గ్లాసు, అన్నీ బోర్లించి ఉంటాయి. వచ్చినవాడు తన గ్లాసు తిప్పుకుంటాడు. ఇంకా బోర్లా ఉన్న గ్లాసు ఉందంటే ఆ మనిషి రాలేదని అర్థం. గ్లాసు బోర్లా ఉండగా గ్యాంగు బాయి దిగదు, ఎవరో ఒకరు వెతకడానికి వెళ్తారు. ఇప్పుడు పైన పనిచేస్తున్నా ఆపరేటర్ గ్లాసును బల్ల మీది నుంచి తీసెయ్యలేదు, బాయి దిగడు కాబట్టి లెక్కలోంచి మాత్రం తీసేశారు. ఆయనే ముట్టడం మానేశాడు. కిటికీ పక్క నుంచే స్వెటర్‌తో నడిచిపోయేవాడు, లోపలికి చూసేవాడు కాదు.

"సూస్తున్నరా సార్," అన్నాడు సర్దార్. "టీ కూడ వద్దట. నన్ను సంపబోయిన మొకం నాకు సూపియ్యడు."

మేనేజర్ నన్ను పిలిచి "ఇంటికి వెళ్లి చూసి రండి. నాటకమా, నిజమా?" అన్నాడు.

ఆయన సెలవు రోజున, పొద్దున్నే, చెప్పకుండా వెళ్లాను. చెప్పి వెళ్తే సంక్షేమం, చెప్పకుండా వెళ్తే ఎంక్వైరీ. కంపెనీ క్వార్టర్, ముందు గది. ఫ్యాను ఆపి ఉంది. ఆపిన ఫ్యాను కింద ఆయన స్వెటర్‌తో కూర్చున్నాడు. నా చొక్కా వీపుకు అంటుకుపోతోంది. ఆయన భార్య రెండు టీలు తెచ్చింది. ఒకటి నాకిచ్చి, ఒకటి తను పట్టుకుని గడప దగ్గర కూర్చుంది.

"మీ ఆయనకు?"

"ఇప్పుడే తాగిండు సార్," అంది ఆమె.

"ఇంకా తాగలే సార్," అన్నాడు ఆయన, అదే క్షణంలో. ఆయన అంత వేగంగా మాట్లాడటం ఏడాదిలో అదే మొదటిసారి అయివుంటుంది.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నా లోపలి ఎంక్వైరీ ఆఫీసరు లేచి కూర్చున్నాడు. ఇల్లంతా కళ్లతోనే సోదా చేశాను. సారా వాసన లేదు. కిటికీలో దేవుడి పటం, దువ్వెన, చిన్న తెల్లటి మందు గోలీల సీసా. అలాంటి సీసా మా ఇంట్లోనూ ఉంటుంది, మా ఆవిడది.

"గోలీలు ఎవరివి?"

"నావే సార్. నాకు థైరాయిడ్," అంది ఆమె, టీ ఒక గుక్క తాగి.

ఒక ప్రశ్నకు రెండు జవాబులు వచ్చిన ఇల్లు అది. ఏదో దాస్తున్నారు. నాటకమే అని తేల్చుకుని బయటికొచ్చాను.

మధ్యాహ్నం భోజనం దగ్గర మా ఆవిడకు ఈ కథంతా నవ్విస్తూ చెప్పాను. ఆపిన ఫ్యాను, ఉన్ని స్వెటర్, టబ్బులో ఎక్కి వచ్చే మాటలు. ఆమె నవ్వలేదు. పప్పు గరిటె అలాగే పట్టుకుని అడిగింది.

"గొంతు బొంగురువోయిందా?"

"పోయింది."

"మొకం ఉబ్బిందా?"

"ఉబ్బింది. తాగేవాళ్లకు ఉబ్బుతుంది."

"నాకూ ఉబ్బింది గదా. నేనెప్పుడు తాగిన?"

నేను అన్నం కలుపుకున్నాను.

"గా సీసా ఎవరిదన్నరు?"

"ఆమెదట."

"నేను పొద్దుగాల గోలీ ఏసుకుని గంటసేపు టీ ముట్టను. ఇన్నేండ్ల సంది సూస్తున్నరు. ఆమె పొద్దుగాల్నే టీ తాగింది, ఆయన తాగలే. సీసా ఆమెదెట్లయితది? మీరు ఆఫీసర్ ఎట్లయిన్రో ఏమో."

"అది ఆడవాళ్లకు కదా వచ్చేది?"

"మొగోళ్లకు మెడ ఉండదా ఏంది?"

పోస్టుగ్రాడ్యుయేషన్‌లో నాకు ఎవరూ ఇంత సూటిగా పాఠం చెప్పలేదు.

ఇక్కడ ఒక బ్యానర్ సంగతి చెప్పాలి. అంతకుముందు చలికాలంలో మేము ఒక శిబిరం పెట్టాం. 'మహిళల కోసం థైరాయిడ్ అవగాహన శిబిరం'. గులాబీ రంగు బ్యానర్, దాని మీద మెడ పట్టుకుని దిగులుగా చూస్తున్న ఒక ఆడమనిషి బొమ్మ. మగవాళ్లు భార్యలను బండ్ల మీద తెచ్చి దించి, బయట మిరపకాయ బజ్జీలు తింటూ నిలబడ్డారు. శిబిరం విజయవంతమైందని పైకి రాశాం. బజ్జీల బండివాడిని అడిగినా అదే చెప్పేవాడు.

ఎంక్వైరీ రోజు వచ్చింది. వేరే బాయి నుంచి ఒక ఆఫీసరు వచ్చాడు, ఎవరినీ నమ్మడన్న మంచి పేరున్నవాడు. మొదలయ్యేముందు నేను ఆపరేటర్‌ను ల్యాంపు రూము వెనక్కి తీసుకెళ్లాను.

"ఆ గోలీలు నీవే కదా?"

"మా ఇంటిదానియి సార్."

"ఆమె టీ తాగింది."

ఆయన స్వెటర్ పై గుండీ సరిచేసుకున్నాడు. ఆ పని కూడా నెమ్మదిగానే నడిచింది. చివరికి చెప్పాడు. టబ్బు పట్టాలు తప్పిన తర్వాత భార్య పట్టుబట్టి కరీంనగర్ తీసుకుపోయింది. కంపెనీ దవాఖానకు పోతే సాయంత్రానికల్లా కాలనీ అంతా తెలుస్తుందని భయం. అక్కడి డాక్టరు చిన్న మోతాదు రాసిచ్చి మళ్లీ రమ్మన్నాడు, ఈయన మళ్లీ పోలేదు.

"ఈ మాట లోపల చెప్పు. ఉద్యోగం నిలబడుతుంది."

"దండం పెడ్త సార్. పండుకున్న అనే రాసుకోండ్రి. తాగి పండుకున్న అని రాసినా ఫికర్ లేదు. తాగుడు మొగోడు జేసే పని. గా గోలీ ముచ్చట బల్ల కాడ తెలిస్తె రేపటి సంది నన్ను ఏమని పిలుస్తరో ఎరుకేనా? 'అక్కా' అంటరు."

"ఉద్యోగం పోతుందయ్యా."

"నౌకరి ఒక్కసారే పోతది సార్. వాళ్లు రోజూ అంటరు."

"మగవాళ్లకు రాదని నీకెవరు చెప్పారు?"

ఆయన నా వైపు చూశాడు. ఉబ్బిన కళ్లలో పాత చురుకుతనం ఒక్క క్షణం కనపడింది. "మీరే గద సార్. గింత పెద్ద బట్ట మీద రాసి కట్టిన్రు. నేను బయట బజ్జి తినుకుంట సదివిన."

లోపల సర్దార్ సాక్ష్యం చెప్పాడు. ఏడాది నుంచీ ఈయన కునికిపాట్లు పడుతున్నాడని, ఆ రోజు గంట మూడుసార్లు కొట్టినా వినలేదని. తర్వాత ఆఫీసరు ఆపరేటర్‌ను అడిగాడు.

"నిద్రపోయావా?"

"పండుకున్న సార్."

కథ అక్కడితో అయిపోయేదే. ఆఫీసరు కలం మూత తీశాడు. నేను లేచి, ఇతన్ని ముందు మన దవాఖానలో పరీక్ష చేయించాలని అడిగాను.

"ఏం జబ్బని?"

ఆపరేటర్ నన్నే చూస్తున్నాడు. "అది డాక్టర్ చెప్పాలి సార్," అన్నాను.

"నేరం ఒప్పుకున్నాక జబ్బా?" ఆఫీసరు కుర్చీలో వెనక్కి వాలాడు. "అన్‌ఫిట్‌కు దారి తవ్వుతున్నారా మీరు? సంక్షేమం కొంచెం ఎక్కువైనట్టుంది."

గది బయట వింటున్నవాళ్లలో ఎవరో "ఎంత ముట్టిందో" అనడం నాకు స్పష్టంగా వినపడింది. మనం ఇన్నేళ్లు అందరి మీదా వేసిన చూపు మన మీదికి తిరిగితే ఎలా ఉంటుందో ఆ రోజు తెలిసింది. కొంచెం ఉక్కగా ఉంటుంది.

ఉక్క నిజంగానే ఉంది. కూలర్ పనిచేయడం లేదు. ఆఫీసరు జేబురుమాలు అప్పటికే తడిసిపోయింది. సర్దార్ చొక్కా గుండీలు సగం విప్పుకున్నాడు.

"ఒక్క ప్రశ్న సార్," అన్నాను. "ఈ గదిలో స్వెటర్ వేసుకుని మీరు కూర్చోగలరా?"

అందరూ ఆపరేటర్ వైపు తిరిగారు. మెడదాకా గుండీలు. ముఖం మీద ఒక్క చెమట చుక్క లేదు. అప్పటిదాకా అందరం ఆ స్వెటర్ లోపల ఏముందో అని చూశాం. లోపల ఉన్న మనిషికి చెమట ఎందుకు పట్టడం లేదని ఎవరికీ తోచలేదు. ఆఫీసరు రుమాలుతో మెడ తుడుచుకున్నాడు, మళ్లీ చూశాడు, కలం మూత పెట్టాడు.

"తీసుకెళ్లండి. కానీ నేనూ వస్తాను," అన్నాడు. ఎవరినీ నమ్మడని చెప్పాను కదా.

మా దవాఖాన డాక్టరు ముందు నాడి చూశాడు. చర్మం గిల్లి చూశాడు. తర్వాత ఆయన్ను కుర్చీ మీద మోకాళ్ల మీద నిలబెట్టి, పాదాలు వెనక్కి వేలాడుతుండగా మడమ పైనున్న నరం మీద చిన్న రబ్బరు సుత్తితో కొట్టాడు. పాదం కదిలింది. కానీ తిరిగి వెనక్కి రావడానికి తొందరపడలేదు. ఆలోచించి, నింపాదిగా, తన చోటికి చేరుకుంది. డాక్టరు మళ్లీ కొట్టాడు. మళ్లీ అంతే.

"నటిస్తున్నాడేమో," అన్నాడు ఆఫీసరు.

"గొంతు నటించొచ్చు, నిద్ర నటించొచ్చు. దీన్ని నటించడం ఎవరివల్లా కాదు. కావాలంటే మీరు ప్రయత్నించండి," అని డాక్టరు సుత్తి చూపించాడు. ఆఫీసరు ప్రయత్నించలేదు.

రక్తపరీక్ష అదే మాట చెప్పింది. మెడలో ఉండే థైరాయిడ్ గ్రంథి పని తగ్గించుకుంటే ఒంట్లో అన్నీ నెమ్మదిస్తాయని డాక్టరు వివరించాడు. వేడి పుట్టదు, మాట కదలదు, గంట వినపడినా చెయ్యి వెంటనే లేవదు. ఆడవాళ్లలో ఎక్కువ, నిజమే. మగవాళ్లకూ వస్తుంది. రాదనుకుంటారు కాబట్టి ముదిరేదాకా ఎవరూ పట్టుకోరు. "మోతాదు సరిచేస్తాను. రోజూ పరగడుపున నీళ్లతో వేసుకో. గంటదాకా టీ వద్దు. ఒళ్లు తేలికైందని మానెయ్యకు. చెప్పినప్పుడు వచ్చి రక్తం ఇవ్వు."

"అన్‌ఫిట్టేనా?" అడిగాడు ఆఫీసరు.

"ఎందుకు? కొన్నాళ్లు పైన పని ఇవ్వండి. తర్వాత పరీక్ష చేసి ఇంజన్ దగ్గరికి పంపుతాను. నిక్షేపంగా ఫిట్."

కేసు మూసేశారు. రహస్యం మాత్రం మూసుకోలేదు. దవాఖాన గోడలు మా దగ్గర జల్లెడ లాంటివి. కాలనీ అంతా ఒక్కసారి నిర్ఘాంతపోయింది. అందరికన్నా ఎక్కువగా సర్దార్.

"ఇందుల ఏదో ఉన్నది సార్. ఫిట్ అయ్యెటందుకు ఎవడన్న గింత కష్టపడ్తడా?"

ఆపరేటర్ భయపడ్డట్టే జరిగింది. 'అక్కా' అన్నారు. మొదట తల దించుకుని వెళ్లేవాడు. కొన్ని వారాలు గడిచేసరికి గోలీ పని మొదలుపెట్టింది, గొంతు తేటబడింది, పాత నోరు తిరిగొచ్చింది. ల్యాంపు రూము కిటికీ దగ్గర ఎవడో కుర్రాడు "అక్కా, బత్తీ ఇయ్యి" అంటే, "ఇస్త తమ్మీ. సంబంధం కుదిరిందా, లేకుంటె ఈ అక్కనే సూడాల్నా?" అన్నాడు. తర్వాత ఆ పిలుపు ఎక్కువ రోజులు బతకలేదు.

నేను కొత్త బ్యానర్ రాయించాను. గులాబీ రంగు లేదు, బొమ్మ లేదు. 'అందరి కోసం' అని ఉంది. షిఫ్టు ముందు గేటు దగ్గర డాక్టరుతో మాట్లాడించాను. అనుమానాలుంటే అడగమన్నాడు. జీవితమంతా అనుమానాలతో బతికే మూడొందల మంది మగవాళ్లు, ఒక్కరికీ ఒక్క అనుమానం రాలేదు. ఒకాయన మాత్రం వెళ్తూ "మా ఆడోళ్లకు సెప్త సార్" అన్నాడు.

ఆ వారంలోనే సర్దార్ నా గదికి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు.

"సార్, మా బామ్మర్ది ఒకడున్నడు. వానికి ఈ మధ్య ఒకటే నిద్ర. ఒళ్లు బరువు. చలి గూడ పెడ్తదట. గా గోలీ… అసొంటోల్లకు పనిజేస్తదా?"

సంక్షేమ అధికారికి అందరి చుట్టరికాలూ తెలిసి ఉండాలి. సర్దార్ భార్యకు నలుగురు అక్కచెల్లెళ్లు. అన్నదమ్ములు లేరు.

"ముందు రక్తం చూపించుకోవాలి," అన్నాను. "మీ బావమరిదికి చెప్పు, డాక్టరు దగ్గరికి పొద్దున్నే వెళ్తే జనం ఉండరు."

చలికాలం వచ్చింది. బాయంతా స్వెటర్లు, మఫ్లర్లు. ఒక్క ఆపరేటర్ మాత్రం ఉత్త చొక్కాతో తిరుగుతున్నాడు. డాక్టరు ఫిట్ రాసి, ఇంజన్ దగ్గరికి పంపాడు. మొదటి షిఫ్టు, క్యాంటీన్. ఆయన గ్యాంగుతో పాటు వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాడు. గ్లాసు మాత్రం తిప్పలేదు. గోలీ వేసుకుని ఇంకా గంట కాలేదట. మిగతావాళ్ల గ్లాసులు గాల్లోనే ఆగాయి. గ్లాసు బోర్లా ఉండగా ఎలా దిగడం?

"మనిషి ఎదురుంగ కూసున్నడు గదర," అన్నాడు సర్దార్. "గిలాసను లోపటికి దింపుతమా ఏంది? నడువుండ్రి."

అలా మా బాయిలో ఒక ఆనవాయితీ సవరించబడింది.

ఇంకొన్నాళ్లకు ఒక పొద్దున నేను క్యాంటీన్‌లోకి వెళ్లాను. గ్యాంగంతా ఉంది. అలవాటు చొప్పున గ్లాసులు లెక్కపెట్టాను. రెండు బోర్లా ఉన్నాయి. ఒకటి ఆపరేటర్‌ది. రెండోది సర్దార్ ముందు ఉంది. ఎవరూ ఏమీ అనడం లేదు. ఆపరేటర్ అయితే కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు, అంత చురుకైన నోరు పెట్టుకుని.

సర్దార్ నా చూపు పట్టుకున్నాడు.

"కడుపుల మంట సార్," అన్నాడు. "అందుకే టీ బంద్ జేసిన."

నేను నమ్మాను. నా ఉద్యోగ జీవితంలో అడగకుండా, విరిచి చూడకుండా నమ్మిన అబద్ధం అదొక్కటే.